యల్లమంద ‘ఆఁ’ అనడం గురించి

కోడిపందెం ఓడినందుకు యుద్ధం చేసిన గడ్డ మాది. అందువల్ల చిన్న విషయాన్ని చిన్నదిగా చూసే అలవాటు మాకు లేదు. మొన్నటిదాకా కారంపూడి పొలాల్లో యల్లమంద ప్రతి పొద్దుటా మోటారు షెడ్డు ముందు నిలబడి, ఎవరూ పిలవకపోయినా, మిరపతోట అవతలి కొస వైపు తిరిగి ‘ఆఁ’ అనడం కూడా అటువంటి చారిత్రక ఘట్టమే. దీనికి శాసనాలు లేవు గానీ సాక్షులున్నారు. వారిలో కొందరు ఆయనకు గాలి సోకిందన్నారు. కొందరు గొంతు సవరించుకుంటున్నాడన్నారు. రెండు వాదాలూ తప్పే కనుక పుట్టుపూర్వోత్తరాలు చెప్పక తప్పదు.

యల్లమంద తోట నడుమ ఒక మిట్ట ఉంది. బోరు దగ్గర నిలబడితే అవతలి కొస కనపడదు. అందుకని సాళ్లకు నీళ్లు కట్టే రోజుల్లో ఇద్దరు మనుషులు కావలసి వచ్చేది. మొదట్లో పార పట్టుకుని యల్లమంద, కొసన రాయి మీద ఆయన భార్య విజయలక్ష్మి. నీళ్లు సాలు చివరికి చేరగానే ఆమె ‘అందినయ్’ అని కేక వేసేది. ఈయన ‘ఆఁ’ అని, ఆ సాలు మడవ మూసి పక్క సాలుకు తెరిచేవాడు. పెళ్లయిన నాటి నుంచి వాళ్ల దాంపత్యం ఈ రెండు మాటల మీద నిక్షేపంగా నడిచింది. ఇంట్లో మాత్రం సంభాషణ ‘ఉప్పు తక్కువైంది’ దగ్గర ఆగిపోయేది. ఉప్పు సరిపోయిన రోజున అదీ లేదు.

ఆ తరువాత డ్రిప్పు వచ్చింది. ఉత్త డ్రిప్పు కాదు, ఆటోమేటిక్. కంపెనీ తరఫున నరసరావుపేట నుంచి రాజీవ్ అనే కుర్రవాడు వచ్చి, తోటను ఐదు బ్లాకులుగా విడగొట్టి, ఒక్కో బ్లాకుకు ఒక్కో వాల్వు బిగించి, షెడ్డులో ఒక బాక్సు పెట్టాడు. ఏ వాల్వు ఎప్పుడు తెరవాలో ఎప్పుడు మూయాలో ఇక ఆ బాక్సే చూసుకుంటుంది. పని కాగానే ఫోనుకు మెసేజీ కూడా పంపుతుంది. యల్లమంద పారను చూరులో దోపాడు. విజయలక్ష్మి కొసన ఉన్న రాయిని ఒకసారి చూసి, ఇంక నాతో పనేముందని, చిలకలూరిపేటలో స్పిన్నింగు మిల్లు ఆఫీసులో పనిచేసే కూతురు కీర్తి దగ్గరకు, పసిబిడ్డను చూసుకోవడానికి వెళ్లింది. అలిగి వెళ్లలేదు. ఒక నెలకని వెళ్లింది. పిల్ల బోర్లాపడింది, పాకింది, గోడ పట్టుకుని నిలబడింది. ఆమె రాలేదు. ఈయన రమ్మనలేదు. మిట్ట అవతలికి వినపడేలా అరవగల ఆ గొంతులో ‘రా’ అనే ఒక్క అక్షరం మాత్రం పట్టలేదు.

అయితే బాక్సు పెట్టిన రోజున ఒక పొరపాటు జరిగింది. ఫోను నంబరు చెప్పమని రాజీవ్ అడిగితే, యల్లమంద తనకు నోటికి వచ్చిన ఒకే ఒక్క నంబరు చెప్పాడు. అది విజయలక్ష్మిది. తన నంబరు ఆయనకు తెలియదు. తనకు తాను ఫోను చేసుకునే అవసరం ఎన్నడూ పడలేదు. దాంతో కారంపూడి తోటలో నీళ్ల కబురు ముందు చిలకలూరిపేటకు చేరేది. ఆమె వెంటనే ఫోను చేసేది.

‘మూడో బ్లాకు అందినయ్యంట.’

‘ఆఁ.’

అంతటితో కట్. ఆ కాలాన్ని స్వర్ణయుగమని వ్యవహరించాలి.

స్వర్ణయుగాన్ని ముగించడానికి శత్రువులే రానక్కర్లేదు, మంచివాడొకడు చాలు. ఫిల్టరు కడగడానికి వచ్చిన రాజీవ్ బాక్సు తెరిచి చూసి నొచ్చుకున్నాడు.

‘బాబాయ్, మెసేజీలన్నీ పిన్నికి పోతన్నయ్. చెప్పొద్దా?’

ఈయన నోరు తెరిచేలోగా నంబరు మార్చేశాడు. వద్దనాలంటే కారణం చెప్పాలి. ఉన్న కారణం చెప్పుకోదగ్గది కాదు. యల్లమంద తనకు ఇంగ్లీషు మెసేజీ చదవడం రాదన్నాడు, పాత నంబరే ఉంచుతాడేమోనన్న ఆశతో. రాజీవ్ అనుకున్నదానికన్నా మంచివాడు. తెలుగులోనే ఫోను వచ్చే ఏర్పాటు చేసి వెళ్లాడు. మర్నాటి నుంచి ముక్కూమొహం తెలియని ఆడగొంతు ఒకటి ‘మూడవ బ్లాకునకు నీటి సరఫరా పూర్తి అయినది’ అని చెప్పసాగింది. ఆ గొంతుకు యల్లమంద ఒక్కనాడూ బదులివ్వలేదు. అది చెప్పడం పూర్తయ్యేదాకా ఆగి, ఫోను జేబులో వేసుకుని, కొస వైపు తిరిగి అప్పుడు అనేవాడు, ‘ఆఁ’ అని.

చిలకలూరిపేట నుంచి ఫోన్లు ఆగిపోయాయి. చెప్పడానికి ఆమె దగ్గర మాత్రం ఏముంది?

చివరికి ఈ కార్తీకంలో ఒక పొద్దున యల్లమంద గడ్డం గీయించుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, ఫోను చేయడానికి షెడ్డు దగ్గరికి వచ్చాడు.

‘మూడో బ్లాకు కొసకి నీళ్లు అందుతన్నయ్యో లేదో తెలవట్లా.’

‘బాక్సు చెప్పట్లా?’

‘చెప్తంది. నాకు నమ్మకం కుదరట్లా.’

‘పోయి చూసుకో.’

‘నేను పోతే ఇక్కడెవరుంటరు?’

అక్కడ ఎవరూ ఉండనక్కర్లేదని ఇద్దరికీ తెలుసు.  అవతల పిల్ల ఏదో గిన్నె కింద పడేసిన చప్పుడు వినపడింది. తరువాత విజయలక్ష్మి, ఆదివారం కీర్తికి సెలవనీ, వచ్చి చూసి పోతాననీ అంది.

యల్లమంద కొసన రాయి చుట్టూ గడ్డి పీకాడు. రాయిని కడిగాడు. చూరులోని పార దించి, దానితో పని లేకపోయినా, సాన పట్టించాడు. రాయి ఉన్న ఆ మూడో బ్లాకును మాత్రం తాను బటను నొక్కేదాకా ఆపి ఉంచమని రాజీవ్‌కు చెప్పాడు. మిగతా బ్లాకులను బాక్సు ఇష్టానికి వదిలేశాడు.

ఆదివారం ఆమె బస్సు దిగి, గట్టు వెంట తిన్నగా కొసకు వెళ్లి రాయి మీద కూర్చుంది. ఈయన పార చేతపట్టి బటను నొక్కాడు. సాళ్ల రోజుల్లో నీళ్లు కొసకు పోయేలోపు ఒక చుట్ట కాలేది. ఆ లెక్కన చుట్ట తీశాడు. అగ్గిపుల్ల గీసేలోపే కేక వచ్చింది.

‘అందినయ్.’

యల్లమంద పలకలేదు. పలికితే పని అయిపోయినట్టే. మార్చడానికి పక్కన సాలు లేదు, మడవ లేదు.

‘అందినయ్’ అని మళ్లీ వినపడింది, ఈసారి గట్టిగా. యల్లమంద కళ్లు మూసుకుని నిలబడ్డాడు.

‘ఏమయ్యో, అందినయ్. వినపడ్డదా?’

చుట్ట వెలగలేదు. కాసేపటికి మిట్ట మీద మిరప చెట్ల నడుమ ఆమె తల కనపడింది. నాలుగు బ్లాకుల్లోంచీ అడ్డంపడి వచ్చింది. పాదాలకు తడి రేగడి మెత్తుకుని ఉంది.

‘చెవుడొచ్చిందా ఏంది? పలకవు?’

యల్లమంద రాత్రంతా కూర్చుకున్న మాటలు చాలా ఉన్నాయి. వాటిని వదిలేసి పారతో మిట్ట వైపు చూపించాడు.

‘ఇంకా నాలుగు బ్లాకులున్నయ్, చూడాల్సినవి’ అన్నాడు.

విజయలక్ష్మి తన పాదాల వైపు చూసుకుంది. ఆయన వైపు చూసింది.

‘సాయంత్రం బస్సు తప్పిపోద్ది.’

‘ఆఁ.’

ఆమె కొంగు నడుముకు దోపుకుని, మళ్లీ కొస వైపు నడిచింది.

ఆ నాలుగు బ్లాకులకూ బాక్సు పొద్దున్నే నీళ్లు పెట్టేసింది.