కాలువ నీళ్ల పావు వోల్టు

మా పొలం కాలువకు చిట్టచివర. పైవాళ్లు తడుపుకోగా మిగిలినవే మాకు నీళ్లు. అవీ ఎప్పుడొస్తాయో ఎవరూ చెప్పరు. అందుకే మా అమ్మ రోజుకు నాలుగుసార్లు గట్టు మీద నడిచి తూము దాకా వెళ్లి చూసొచ్చేది. క్రితం పంటకు అక్కడే జారిపడి మోకాలి చిప్ప పగలగొట్టుకుంది. ఇంకోసారి పడితే ఇక మంచమేనని డాక్టరు తేల్చి చెప్పాడు. ఆవిడ వింటేగా!

"నీళ్లొచ్చాయని ఇంట్లో కూర్చున్నదానికి ఎవరు చెప్తారే? నారు ఎండిపోతే ఆ డాక్టరొచ్చి ఏడుస్తాడా?"

సింధనూరులో పాలిటెక్నిక్ పిల్లలకు ఎలక్ట్రానిక్స్ చెప్పే నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. "ఇంట్లో గంట మోగేలా నేను చేస్తాను" అనేశాను. తూము దగ్గర సోలార్ పలక పెడితే వారం తిరక్కుండా మాయమవుతుంది. కాబట్టి నీళ్లలోనే ఉండే చిన్న చక్రం, దానికి అయస్కాంతాలు, పక్కన రాగి తీగ చుట్ట. నీళ్లొస్తే చక్రం తిరుగుతుంది, ఆ కరెంటుతోనే చిన్న ట్రాన్స్‌మిటర్ ఇంటికి కబురు పంపుతుంది. నీళ్లు లేకపోతే కరెంటూ లేదు, కబురూ లేదు. నన్ను నేనే తెగ మెచ్చుకున్నాను.

పెరట్లో బోరు నీళ్ల ధార కింద పెట్టి చూస్తే పావు వోల్టు ఏసీ వచ్చింది. ట్రాన్స్‌మిటర్‌కు డీసీ కావాలి, అంటే మధ్యలో డయోడ్లు. డయోడ్ ఒకవైపే తెరుచుకునే తలుపు లాంటిది. మామూలు రకాన్ని తొయ్యడానికే అర వోల్టు పైన కావాలి. నా పావు వోల్టు గుమ్మంలోనే చతికిలబడింది. ఏటా పిల్లలకు ఈ పాఠం చెప్పేది నేనే! కాస్త సులువుగా తెరుచుకునే షాట్‌కీ డయోడ్లు తెప్పించి పెట్టాను. మీటరులో చివరి అంకె కదిలింది, అంతే.

కాలువకు నీళ్లు వదిలే రోజు దగ్గరపడింది. అమ్మ తన చేతికర్రకు కొత్త రబ్బరు తొడుగు వేయించుకుంది. ఎందుకో నాకు తెలుసు. అది చూసి నిజంగా భయపడ్డాను.

చివరికి మా పంపు మోటార్లకు తీగ చుట్టే మేస్త్రి దగ్గరికి వెళ్లాను. రాయచూరు మనిషి. నా చుట్టను అటూ ఇటూ తిప్పి నవ్వాడు.

"ఏంది టీచరమ్మా, గింత లావు తీగ చుట్టినవ్? గిదేమన్న అయిదు హెచ్‌పీ మోటరా?"

"సన్న తీగ వేస్తే కాలిపోతుందని మా అమ్మకు చెప్పింది మీరే కదా మేస్త్రి గారూ!"

నిజమే. లో వోల్టేజీకి మోటార్లు కాల్చుకుని కాల్చుకుని, మా కాలువ చివరి ఇళ్లలో పిల్లలకు ఉగ్గుపాలతో పట్టే మాట అదొక్కటే: తీగ లావుగా ఉండాలి. అంత చదివినా ఆ మాట నా చేతుల్లోంచి పోలేదు. నేనేమో తప్పంతా డయోడ్ల మీదికి నెట్టి కూర్చున్నాను.

"అది మోటర్ల ముచ్చట. గీడ నీకు కరెంటు ఎంత గావాలె? చీమంత. వోల్టేజీ గావాలె. వెంట్రుక లెక్క సన్న తీగ తీస్కొని గదే జాగల చుట్లు పెంచు, చుట్లు పెరిగితె వోల్టేజీ పెరుగుతది. డయోడ్‌తోని కొట్లాటెందుకు? ముందుగాల వోల్టేజీ పెంచి పంపు, అదే తలుపు తీస్తది."

ఆ మధ్యాహ్నం కూర్చుని ఆయనే చుట్టిచ్చాడు. అదే ధార కింద మూడు వోల్టులు దాటింది. డయోడ్లు తిన్నంత తినగా ఇంకా బోలెడు మిగిలింది. పెరట్లో నేను వేసిన కేకకు అమ్మ కంగారుపడి బయటికొచ్చింది.

చక్రాన్ని తూములో బిగించి, గంటను ఇంట్లో పెట్టాను. పైన నీళ్లు వదిలిన నాలుగో రోజు, పొద్దున కాఫీల వేళ అది మోగింది. చెప్పులు కూడా వేసుకోకుండా గట్టు మీద పరుగెత్తాను. తూము నిండా బురద నీళ్లు, చక్రం గిరగిరా తిరుగుతోంది. హమ్మయ్య అనుకుని అక్కడే కూలబడి ఏడ్చాను. ఎన్ని నెలల భయమో అది.

తిరిగొచ్చేసరికి అమ్మ కుర్చీలోంచి లేవనే లేదు.

"నీళ్లొచ్చాయమ్మా!" అన్నాను రొప్పుతూ.

"గంట చెప్పిందిగా," అంది కాఫీ ఊదుకుంటూ. "మళ్లీ నువ్వెందుకే ఆ గట్టు మీద పరిగెత్తడం? జారి పడితేనో?"