లోతు మీద పాతిన వెదురు

ఆనకట్ట కట్టాక ధవళేశ్వరం పైన గోదావరి నిండుగా, కదలకుండా నిలబడిపోయింది. ఇసక మేటలన్నీ నీళ్ళ కింద దాక్కున్నాయి. అందుకని పోలవరం స్టీమరు బయలుదేరే ముందే పల్లెకారు ముసలయ్య దోనెలో వెళ్ళి, గెడతో లోతు చూసి, మేట ఉన్నచోటల్లా తాటాకు కట్టిన వెదురు పాతేవాడు. గెడకు అంటిన ఇసకను నాలిక మీద వేసుకుని, అది ఏ వాగు మోసుకొచ్చిందో చెప్పేవాడట. అందులో సగం నేను కలిపిందే అనుకోండి. వెదురు మాత్రం నిజం. స్టీమరు చుక్కాని పట్టే అబ్రహాము దాన్ని చూసే తిప్పేవాడు. చుట్టరికం లేకపోయినా ఇద్దరూ మావా, అల్లుడూ అని పిలుచుకునేవాళ్ళు.

"మావా, నీ ఆకు కనబడితే చాలు. కళ్ళు ఇంట్లో పెట్టొచ్చినా ఫర్వాలేదు."

"తెచ్చుకో అల్లుడూ. వాటితో నీ పెళ్ళాం రూతు ఏం చేసుకుంటాది?"

ఆ ఏడు ముసలయ్య కొడుకు లోవరాజు సరిగ్గా స్టీమరు నడిచే లోతులో మునిగి చనిపోయాడు. శవం దొరికింది. కానీ నీళ్ళలో పోయినవాడి చోటు మీదుగా పెద్దకర్మ అయ్యేదాకా పడవ పోకూడదని ఆ ఇంటి పట్టింపు.

"బిడ్డ నెత్తి మీదుగా ఆ పొగపడవని ఎలా పోనిస్తావయ్యా?" అని భార్య రత్తమ్మ ఏడ్చింది.

ముసలయ్య పక్క పాయలో గెడ దించాడు. స్టీమరుకి సరిపడా నీళ్ళున్నాయి. కొడుకు పోయిన చోట వెదురు పాతి ఆకు కట్టాడు. ఎవరికీ చెప్పలేదు.

అబ్రహాము పక్క పాయలోంచే పోతూ వచ్చాడు. ఒక ఉదయం, మేట వేసిన ఇసక కొట్టుకుపోవాలని ఆనకట్ట తలుపులు ఎత్తారు. గట్టు మీద తడి చార చూడగానే ముసలయ్యకి తెలిసిపోయింది. నీరు మూరెడు దిగిపోయింది, పక్క పాయలో స్టీమరుకి ఇక చాలదు. వెదురు పీకడానికి దోనె తోసుకుంటూ వెళ్ళాడు. చెయ్యి అందేలోపే స్టీమరు ఆకును చూసి పక్కకి తిరిగింది.

"తిప్పకు అల్లుడూ! ఇటే రా!"

ఇంజను చప్పుడులో ఆ కేక వినపడలేదు. స్టీమరు పక్క పాయలోని మేటను గుద్ది ఒరిగింది. చుక్కాని దగ్గరున్న అబ్రహాము నీళ్ళలో పడ్డాడు. తలుపుల వైపు లాగుతున్న ఉరవడి అతన్ని తీసుకుపోయింది.

సాయంత్రం ముసలయ్య రూతు గుమ్మం ముందు నిలబడ్డాడు.

"వెదురు పాతిన చోట మేట లేదమ్మా. మావాడి కోసం పెట్టాను."



"మీవాడికి పెద్దకర్మన్నా ఉంది మావా. మాకు పూడ్చుకోడానికి మనిషేడీ?"

ముసలయ్య ఇంటికి వెళ్ళలేదు. ఆనకట్ట కిందికి పోయి రాళ్ళ మధ్య వెతుకుతూనే ఉన్నాడు. అబ్రహాముని ఒడ్డుకు చేర్చిన రోజున, ఇంటి దగ్గర లోవరాజు పెద్దకర్మ తండ్రి లేకుండానే అయిపోయింది.