క్లోరిన్ బిళ్ళ వేసిన నీళ్ళు

మలికిపురం చుట్టుపక్కల ఊళ్ళలో ముప్పై ఏళ్ళు చంటిపిల్లలకు టీకాలు వేసి రిటైరయ్యాను. మోకాళ్ళు అరిగిపోయాయి. ఇక ఎవరి గడపా తొక్కక్కర్లేదనుకుని పెరట్లో ఎనిమిది నాటుకోళ్ళు పెంచుకున్నాను.

కిందటేడు పక్క ఊళ్ళో కోళ్ళకు కొక్కెర తెగులు వచ్చిందని విని, ఐసులో పెట్టి టీకామందు తెచ్చాను. తాగే నీళ్ళలో కలిపి పెట్టాను. నెల తిరక్కుండానే తెగులు మా ఊరికీ వచ్చింది. నాలుగు రోజుల్లో ఎనిమిదీ పోయాయి.

పశువుల డాక్టరుగారు వచ్చి చూసి, "మందు ఏ నీళ్ళలో కలిపేరండీ?" అని అడిగారు.

"శుభ్రమైన నీళ్ళేనండీ. అలవాటు కదా, క్లోరిన్ బిళ్ళ వేసినవే," అన్నాను గర్వంగా.

ఆయన తల పట్టుకున్నారు. "ఆ మందులో ఉండేది బలం తగ్గించిన బతికున్న వైరస్సండీ. దాంతో తలపడితేనే కోడి ఒళ్ళు తెగులుని ఎదుర్కోవడం నేర్చుకుంటుంది. మీ బిళ్ళ దాన్ని నీళ్ళలోనే చంపేసింది."

అంతలో పక్కింటి మేరీ నెలల పిల్లను చంకనేసుకుని వచ్చింది.

"టీకా వేసినా పోయేయా అమ్మగారూ? అయితే రేపు మా పిల్లకి వేయించనులెండి. మన వీధిలో అందరూ అదే అనుకుంటున్నారండీ."

కోళ్ళ సంగతి మర్చిపోయాను. ఆ సాయంత్రమే చేతికర్ర పట్టుకుని, డ్యూటీలో తిరిగిన గడపలన్నీ మళ్ళీ ఎక్కాను. ప్రతి గుమ్మంలోనూ ఒకటే మాట చెప్పాను. "తప్పు టీకాది కాదమ్మా, నాది."

మర్నాడు అంగన్‌వాడీలో సూది పడి మేరీ కూతురు కెవ్వుమన్నాకే నేను కూర్చున్నాను.