నాయన టీవీకి నేను వేసిన తాళం

ఆ రోజుల్లో టీవీ అంటే తలుపులున్న చెక్కపెట్టెలో కాపురముండే వస్తువు. ఆ తలుపులకు తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నవాడికి ఇంట్లో కలెక్టరంత హోదా. తొంభైల్లో ఒకసారి ఆ యోగం నాకు పట్టింది. ఉదయగిరిలో కొయ్య గరిటెలు, స్పూన్లు చెక్కే మా నాయనకు ఆత్మకూరులో కంటి ఆపరేషన్ అయింది. కొన్నాళ్లు టీవీ చూడకూడదన్నాడు డాక్టరు. ఆ కన్ను చెడితే నాయన మళ్లీ ఉలి పట్టలేడు. అందుకని బండెడు తాళం వేశాను. (బండెడేం కాదు, పెట్టె చేసినప్పుడు నాయనే బిగించిన తాళం, బొటనవేలంత.) నాలుగు రోజులు పోయాక "నెలన్నర దాకా టీవీ బంద్, డాక్టరు మాట" అని చాటి, రోజూ ఆత్మకూరులో నా గుమాస్తా ఉద్యోగానికి బస్సెక్కేవాణ్ణి.

నాలుగో వారంలో ఒక సాయంత్రం ఎందుకో అనుమానమొచ్చి, కాళ్లయినా కడుక్కోకుండా పెట్టె వెనక చెయ్యి దూర్చాను. టీవీ వీపు వెచ్చగా ఉంది!

"ఎవురు పెట్టినారమ్మా టీవీ?"

"ఎవురు పెడతార్రా, చెవి నీ మొలకాడ ఉంటే! ఎండకి కాగుంటాది."

నడింట్లో ఉన్న టీవీకి ఎండెక్కడిది? నాయన వైపు చూశాను. నల్లకళ్లద్దాలు, ముఖంలో ఋషి. నాకు ఋషుల మీద నమ్మకం తక్కువ. మర్నాడు తలుపుల సందులో ఒక వెంట్రుక ఇరికించి వెళ్లాను. సాయంత్రం చూస్తే వెంట్రుక ఉంది. కాకపోతే నేను పెట్టింది నల్లది, ఇది తెల్లది. ఆ అవమానంతో వారం రోజులు అన్నం సహించలేదు. (రెండో పూటకే సహించింది.)

చివరికి ఒకరోజు బస్సెక్కి, ఊరి చివర దిగి, మధ్యాహ్నానికి దొంగలా వెనక్కొచ్చి కిటికీలోంచి చూశాను. పెట్టె తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. తాళానికి ఒక కొయ్య చెవి వేలాడుతోంది, స్పూను కాడంత నున్నగా చెక్కింది. హిందీ సీరియల్ నడుస్తోంది. అమ్మకు హిందీ ముక్క రాదు, అయినా కథ చెబుతోంది. "కోడలు ఏడస్తా ఉండాది. అత్త చెంబు ఇసిరింది."

"తగిలిందా?" అన్నాడు నాయన. టీవీకి వీపు పెట్టి, గోడవైపు తిరిగి కూర్చుని ఉన్నాడు.

నేను లోపలికి ఉరికాను. "ఏంది నాయనా ఇది?"

"బస్సు తప్పిపోయిందా? డాక్టరు చూడొద్దన్నాడు గానీ ఇనొద్దన్లేదు గదరా. అదీ పది రోజులే అన్నాడు. ఆస్పత్రిలో ఆ పొద్దు కంటికి కట్టినారు కట్టు, చెవులకి కాదే."

"పది రోజులని తెలిసీ ఇంకా గోడ తట్టు తిరిగి కూర్చున్నావేంది?"

"నువ్వు నెలన్నరన్నావు గదా. నా కన్నంటే వీడికి నాకంటే బయం, ఇంకొన్నాళ్లు చూడకుంటే పొయ్యేదేముండాదిలే అనుకున్నా."

"అవును నాయనా, భయమే" అన్నాను. అది సగం నిజం. అంతవరకు నన్ను ఏదీ అడిగి ఎరగని మనిషి "ఒక్క అరగంట పెట్టరా" అని అడుగుతుంటే, మొలతాడు తడుముకుంటూ "చూద్దాంలే" అనడంలోని రుచి మరిగి పది రోజుల్ని నెలన్నర చేశాను. ఆ మిగతా సగం నాయనకు ఎన్నడూ చెప్పలేదు. మీకు చెప్పడానికి కూడా, ఈ వయసులో, గోడవైపు తిరిగి కూర్చోవాలనిపిస్తోంది.