కటింగ్ మాస్టర్ నావైపు చూసినప్పుడు

ఆబిడ్స్‌లో ఒక సందులో, మూడో అంతస్తులో, బడి యూనిఫాంలు కుట్టే కార్ఖానా. నన్ను అక్కడ సూపర్‌వైజర్‌ని చేసినప్పుడు నాకు ముప్ఫై ఒకటి. ఇరవై మిషన్లు, ఇరవై మంది, దాదాపు అందరూ నాకంటే పెద్దవాళ్లే. భయం బయటపడకూడదని మొదటి రోజే గొంతు పెంచాను. ఫోన్‌లో వీడియోలు చూసి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడటం కూడా నేర్చుకున్నాను. మా అమ్మ అయితే, "ఏందే గా ఒర్రుడు? నాంపల్లి టేషన్ల మైకు నయం నీకంటే," అనేది. నాకు ఒళ్లు మండేది.

కటింగ్ మాస్టర్ పెద్దాయన. మెదక్ దిక్కు నుంచి వచ్చి ఏళ్ల తరబడి అక్కడే కత్తెర పట్టినవాడు. మే నెలాఖరులో ఒక బడి చొక్కాల ఆర్డర్ మీద పడింది. కాటన్ తానులు దిగగానే ఆయన, "ఒక్క దినం నీళ్లల్ల నానేసి ఆరబెడ్దాం బిడ్డా. లేకుంటే ఉతికినంక గుంజుకపోతది," అన్నాడు.

అందరూ వింటున్నారు. "ఇక్కడ బిడ్డ ఎవరూ లేరు, మేడం అనండి. టైం లేదు, కొయ్యండి," అన్నాను. ఆయన తాను పరిచి కోశాడు. గెలిచాననుకున్నాను, నా మొహం!

పది రోజులకు కార్ఖానా యజమాని సేఠ్ ఒక చొక్కా పట్టుకుని పైకొచ్చాడు. బడివాళ్లు ఒక్కసారి ఉతికారట, పొట్ట కనపడేంత పొట్టిదైపోయింది. "నానబెట్టకుండ ఎవరు కోసిన్రు?" అని అరిచాడు. మా పనిలో ఒక కట్టుబాటుంది. ఎవరు చెప్పి కోయించినా, కోతలో తప్పొస్తే కత్తెర పట్టినవాడిదే పూచీ. మాస్టర్ నావైపు చూశాడు. నేను నేల చూశాను.

"నేనే కోసిన సేఠ్," అన్నాడాయన.

"రేపటి సంది రాకు."

మెళ్లోని టేపు తీసి, చుట్టి, జేబులో పెట్టుకుని మెట్లు దిగిపోయాడు. మిషన్లన్నీ ఆగిపోయాయి. అప్పటికి గాని నాకు నోరు పెగల్లేదు. "మాస్టర్ నానబెడ్దామనే అన్నడు సేఠ్. వద్దన్నది నేను."

ఎంత సన్నగా అన్నానో ఏమో, సేఠ్ "ఏందీ?" అన్నాడు. మళ్లీ అంతే సన్నగా చెప్పాను. హాల్లో అందరికీ వినబడింది. ఆయన చొక్కా బల్ల మీద పడేసి, "పొయి తోల్కరా," అన్నాడు.

పరిగెత్తాను. నాంపల్లి స్టేషన్ ఎదుట చాయ్ తాగుతూ దొరికాడు. జరిగింది చెప్పి, రమ్మని చేతులు పట్టుకున్నాను.

"మంచిగ జెప్పినవ్ బిడ్డా. కని నేను రాను. పని పొయ్యిందని ఫికర్ లేదు, సుల్తాన్ బజార్ల ఎవరన్న పెట్టుకుంటరు. గాడ నిలబడి నీ దిక్కు జూసిన. నువ్వు నేల జూసినవ్."

తిరిగి మెట్లెక్కేసరికి అందరూ నాకోసమే చూస్తున్నారు. "మాస్టర్ రాడు. తప్పు నాది," అన్నాను. కాజాలు కుట్టే ఆమె, "ఇప్పుడేం జేద్దాం మేడం? చెప్పున్రి," అంది. అన్నాళ్లు అరిచినా నన్నెవరూ అలా అడగలేదు.

అప్పటి నుంచి నా మాట నడుస్తోంది. గొంతు పెంచాల్సిన పని పడలేదు. కానీ ఆ విలువ ఆయన కొలువు పోతేగాని నాకు రాలేదు. కొత్తగా చేరినవాళ్లు మేడం ఎంత నెమ్మదస్తురాలో అని చెప్పుకుంటుంటే, సిగ్గుతో చచ్చిపోతాను.