సరాయెవోలో పోపు పొగ

2023 మే నెల. వర్జీనియాలోని ఆష్‌బర్న్ నుంచి పద్నాలుగు మంది తెలుగువాళ్లను బోస్నియాకు తీసుకెళ్లాను. నేను టూర్ మేనేజర్‌ని. అంటే ఊళ్ల చరిత్ర చెప్పే గైడ్‌ని కాదు. గదులు, బస్సు, భోజనాలు, అలకలు చూసుకునేవాణ్ని. ఆ పనిలో అప్పటికే చాలా ఏళ్లు గడిచాయి. వాటితోపాటు చిన్న చిన్న అబద్ధాలు చెప్పడం సూట్‌కేసు ఎత్తినంత మామూలైపోయింది.

మోస్తార్‌లో తొంభైల నాటి యుద్ధంలో కూలిపోతే మళ్లీ కట్టిన రాతి వంతెన మీద మావాళ్లు ఫొటోలు దిగారు. దారి పొడవునా ఆకుపచ్చటి నది, కొండలు, ఎర్ర పెంకుల ఇళ్లు. మధ్యలో ఎక్కడో గోడల నిండా తూటాల గుంటలతో, కిటికీలోంచి చెట్టు మొలిచిన ఇల్లు. మొదటి రోజు అందరూ కిటికీలకు అతుక్కుని చూశారు. నాలుగో రోజుకి బస్సులో తిండి గొడవ తప్ప మరో మాట లేదు.

సరాయెవోలో మా బస కొండవాలు మీద ఆమ్రా అనే ఆవిడ నడిపే గెస్ట్‌హౌస్‌లో. ఆవిడకు అరవై దాటాయి. ఆ యుద్ధంలో ఊరు ముట్టడిలో ఉన్న కాలమంతా ఆ ఇంట్లోనే గడిపింది. గదుల్లో వంట చేయకూడదన్నది ఆవిడ పెట్టిన ఒకే ఒక్క షరతు. "మావాళ్లు చేయరు" అని మాటిచ్చాను. మా గుంపులో పెద్దాయన శేషగిరిరావు గారి సూట్‌కేసులో చిన్న కరెంటు పొయ్యి ఉందని నాకు తెలుసు.

ఆ సాయంత్రం ఆయన నన్ను పక్కకు పిలిచారు.

"వాసూ, నాలుగు రోజులుగా బ్రెడ్డూ చీజూ. నోరు చచ్చిపోయిందయ్యా. రేపు పొద్దున్న కాస్త పులిహోర కలుపుకుంటే కొంప మునుగుతుందా?"

"కలుపుకోండి సార్. స్మోక్ అలారంకి షవర్ క్యాప్ తొడగండి. తలుపు మాత్రం తీయకండి, కింద ఆవిడకి వాసనొస్తుంది."

బాత్రూమ్‌లో ఉండే ఆ ప్లాస్టిక్ టోపీని పొగ అలారానికి తొడగడం అమెరికాలో మావాళ్లందరికీ వచ్చిన విద్యే.

పొద్దున్నే ఇల్లు అదిరేలా అలారం మోగింది. మాడిన ఎండుమిరపకాయల ఘాటు మెట్ల దాకా వచ్చేసింది. పరిగెత్తాను. రావు గారి మనవరాలు నిత్య దగ్గుతూ, అలారం కింద టవల్ విసురుతోంది.

"అంకుల్, తాత డోర్ ఓపెన్ చేసేశాడు! క్యాప్ ఇంకా బాత్రూమ్‌లోనే ఉంది!"

"నువ్వు అందిస్తే కదుటే తొడగడానికి! ఫోన్ చూసుకుంటూ కూర్చుంది, మహాతల్లి."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆదివారం పూట ఆష్‌బర్న్‌లో ఏ ఇంట్లోనైనా జరిగేదే. అలారం ఆగాక, ఆమ్రాకు సర్దిచెబుదామని కిందికి వెళ్లాను. వంటింట్లో ఎవరూ లేరు. కాఫీ పొంగి పొయ్యి మీద కారుతోంది. నేలమాళిగ తలుపు తెరిచి ఉంది.

ఆవిడ కింద చెక్కబల్ల మీద కూర్చుని, తడిగుడ్డ ముక్కుకు అదుముకుని ఉంది.

"గ్యాసా?" అంది, వచ్చిన కొద్దిపాటి ఇంగ్లీషులో.

"కాదు మేడమ్. మీ అలారం పాడైనట్టుంది. ఊరికే మోగింది."

"నీకు వాసన రాలేదా? గొంతు మండలేదా?"

"లేదే."

ఆవిడ గుడ్డ దించింది. "అయితే మళ్లీ మొదలైంది" అంది. యుద్ధం తర్వాత ఏళ్ల తరబడి ఆవిడకు లేని వాసనలు వచ్చేవట. మందులు వాడి, పూర్తిగా తగ్గిందనుకున్నాకే గదులు అద్దెకివ్వడం మొదలుపెట్టిందట. "ఇక మూసేయాలి. ఇలాంటి మనిషి అతిథులను పెట్టుకోకూడదు."

ఏమీ అనకుండా పైకి వెళ్లిపోవచ్చు. బస్సెక్కితే మళ్లీ ఆవిడ మొహం చూసే పని లేదు. ఆ ఆలోచన రాకపోలేదు. వచ్చి, కాసేపు నిలిచింది కూడా.

"మేడమ్, వాసన నిజంగానే వచ్చింది. నాకూ గొంతు మండింది. మావాళ్లు గదిలో మిరపకాయలు వేయించారు. వేయించుకోమన్నది నేనే."

ఆవిడ నమ్మలేదు. "నన్ను బుజ్జగించకు" అంది.

పైకెళ్లి మూకుడు తెచ్చాను. మిరపకాయల పొట్లం పట్టుకుని రావు గారు వెనకే వచ్చారు. మళ్లీ చేసి చూపించమంది ఆవిడ. ఆవిడ వంటింట్లో, ఆవిడ పొయ్యి మీద నూనె కాచి ఆవాలు, మిరపకాయలు వేశాను. మాడేదాకా దించనివ్వలేదు. ముగ్గురం దగ్గాం. ఆవిడ కళ్ల వెంట నీళ్లు కారుతున్నా మూకుడు మీదికి వంగి మరోసారి పీల్చింది.

"ఇదే" అంది. "ఇదే వాసన. నా ముక్కు బాగానే ఉంది."

రావు గారు చేతులు జోడించారు. ఆవిడ ఆయన వైపు చూడలేదు. "పదింటికల్లా గదులు ఖాళీ చేయండి" అని నాతో చెప్పి కిటికీ తెరిచింది. నేను బతిమాలలేదు.

బస్సులో నిత్య అడిగింది: "అంకుల్, వై ఈజ్ షీ కికింగ్ అస్ అవుట్? అలారం బ్రోకెన్ అని చెప్పేస్తే అయిపోయేదిగా?"

"అదే చెప్పానమ్మా" అన్నాను. మైకు తీసుకుని మిగతాది కూడా అందరికీ చెప్పాను. ఆ పూట ఎవరూ తిండి ఊసెత్తలేదు.

కస్టమర్ దగ్గర గొడవ లేకుండా బయటపడటమే నా పనితనం అనుకునేవాణ్ని. ఆవిడ ఏళ్ల తరబడి కష్టపడి తిరిగి తెచ్చుకున్న నమ్మకాన్ని, మావాళ్లు ఇచ్చే మంచి రివ్యూ కోసం ఒక్క మాటతో తీసేయబోయాను. నిజం చెప్పినా ఆవిడ నమ్మకపోవడం ఇంకా గుర్తుంది.

ఇప్పటికీ మా ఇంట్లో పోపు వేస్తే ఒక్కోసారి అలారం మోగుతుంది. పక్కింటి పెద్దాయన కంగారుగా తలుపు తడతాడు. ఒకప్పుడు "నథింగ్, నథింగ్" అని నవ్వి పంపేసేవాణ్ని. ఇప్పుడు ఆయన్ని లోపలికి పిలిచి మూకుడు చూపిస్తాను.