టిక్కీ గారి బండీ, నా కన్నీళ్ళూ

ఆ రోజుల్లో అని మొదలుపెడితే మా ఆవిడ నవ్వుతుంది. "ఆరేడేళ్ళ కిందటి ముచ్చటకి ఆ రోజులేంటండీ, తాతలాగా" అంటుంది. నిజమే, కానీ మన తెలివితక్కువతనం నుంచి మనం ఎంత దూరం వచ్చేశామనుకుంటే రోజులు అంత పాతబడతాయి. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. చేతిలో ఆటోమొబైల్ డిప్లొమా ఉంది, జేబులో బండి జబ్బు చదివి చెప్పే అరచేతంత స్కానర్ ఉంది, నాకు తెలియని సంగతి ఏదైనా ఉంటే అది తెలుసుకోదగ్గది కాదన్న నమ్మకం ఒళ్ళంతా ఉంది. నల్లపాడు రోడ్డులో మా మేనమామకి కార్ల షెడ్డు ఉంటే అందులో చేరాను. మావయ్య ఏడో తరగతితో ఆపేసిన మనిషి. నడుస్తున్న ఇంజను మీద చెయ్యి పెట్టి, కాసేపు కళ్ళు మూసుకుని, "రెండో ప్లగ్గు మార్చు" అనేవాడు. నేను పక్కకి తిరిగి నవ్వుకునేవాణ్ణి. (విప్పి చూస్తే రెండో ప్లగ్గే పోయి ఉండేది. గుడ్డిదెబ్బ అనుకునేవాణ్ణి. వారానికి నాలుగు గుడ్డిదెబ్బలు.)

మా నాన్నకి ఈ షెడ్డు వ్యవహారం మొదట్నుంచీ గిట్టదు. దొనకొండ అవతల మా ఊళ్ళో ఆయన మిరప వేస్తాడు. కోతలకి కూలీలు దొరక్క తనూ అమ్మా వంగి వంగి కాయ కోస్తుంటే, ఒక్కగానొక్క కొడుకు గుంటూర్లో ఆయిలు గుడ్డలు ఉతుకుతున్నాడని ఆయన కడుపుమంట. నేను డిప్లొమా చదివిందే ఆ చేలోంచి పారిపోవడానికి అన్న సంగతి ఆయనకి చెప్పే ధైర్యం నాకు లేదు. చివరికి ఒకరోజు ఫోన్లో తేల్చేశాడు. "బుధవారం పొద్దున రైలుకి వస్తన్నా. నువ్వు ఆ పనికి పనికొస్తావని మీ మావయ్య తన నోటితో చెబితే ఉండు. లేదంటే సర్దుకుని నాతో వచ్చెయ్." మావయ్యేమో అబద్ధమాడి గండం గట్టెక్కించే రకం కాదు. "టిక్కీ గారి బండి ఇది మూడోసారి రావడం. అది తేల్చు, మీ నాన్నతో నేనే మంచి మాట చెబుతా. తేల్చలేకపోతే ఆ మాటా నేనే చెబుతా" అన్నాడు.

టిక్కీ గారంటే మిర్చి కమీషన్ వ్యాపారి. మావైపు మిరపకాయల బస్తాని టిక్కీ అంటారు. ఆయన పెళ్ళి భోజనాల గురించి మాట్లాడినా టిక్కీల్లోనే మాట్లాడేవారు, మనిషి కూడా ఇంచుమించు ఆ ఆకారమే, అందుకని షెడ్డులో ఆయనకా పేరు. ఆయన పెట్రోలు కారు సీజనంతా మిర్చి యార్డులో బస్తాల గుట్టల మధ్య నిలబడేది. జబ్బేమిటంటే, స్టీరింగు వెనకాల ఇంజను దీపం వెలిగి ఆరదు. మొదటిసారి వచ్చినప్పుడు ఆ దీపం నాకు కనపడనే లేదు. వాళ్ళావిడ దానిమీద బొట్టుబిళ్ళ అంటించారు, చూస్తుంటే గుండె దడగా ఉందని. (నవ్వకండి. జబ్బు కనపడకపోతే తగ్గినట్టే అనుకునే డాక్టర్లని కూడా నేను చూశాను.) బిళ్ళ పీకి స్కానర్ పెడితే, పెట్రోలు ఆవిరిని పట్టే సిస్టంలో లోపం అని వచ్చింది. ట్యాంకులో పెట్రోలు ఊరికే ఆవిరవుతుంటుంది. అది గాల్లో కలవకుండా ఒక బొగ్గు డబ్బాలోకి వెళ్ళి ఆగుతుంది, ఇంజను నడిచేటప్పుడు దాన్ని లాక్కుని కాల్చేస్తుంది. సంగతి ఇంతే. ఈ కాస్త సంగతిని నేను టిక్కీ గారికి ఎండలో నిలబెట్టి అరగంట బోధించాను. ఆయన పాపం చెమట తుడుచుకుంటూ అంతా విని, "అది సరేగానీ అబ్బాయ్, దీపంతో నాకు పేచీ లేదు. బంకులో పెట్రోలు కొట్టిస్తుంటే గన్ను మాటిమాటికీ టక్కుమని ఆగిపోతంది. దాని సంగతి చూడు" అన్నారు. "అది బంకువాళ్ళ గన్ను లోపమండీ, బండిది కాదు" అన్నాను. ఎంత ధీమాగా అన్నానంటే, ఆయన నాకు సారీ చెప్పినంత పని చేశారు.

మూత బిగువు లేకపోతే ఆవిరి కారుతుందని చదివాను కాబట్టి పెట్రోలు మూత మార్చాను. నాలుగు రోజులకి దీపం మళ్ళీ వెలిగింది. ఆవిరిని ఇంజన్లోకి వదిలే వాల్వు మార్చాను. ఈసారి ఐదు రోజులు పట్టింది వెలగడానికి, దాన్నే అభివృద్ధి అనుకున్నాను. మూడోసారి బండి వచ్చేసరికి తెలివి మరీ ముదిరింది. పెద్ద సర్వీసు సెంటర్లలో గొట్టాల్లోకి పొగ పంపించి ఎక్కడ కారుతోందో చూస్తారట. ఆ మిషను మనకి లేదు గనక, మంగళవారం మధ్యాహ్నం ధూపం కుండలో సాంబ్రాణి వేసి, సైకిలు పంపు పట్టుకుని కారు కిందకి దూరబోతున్నాను. వాసన పట్టి మావయ్య పరిగెత్తుకొచ్చి ఆ కుండని ఒక్క తన్ను తన్నాడు. "పెట్రోలు ట్యాంకు కింద నిప్పు పెడతావంట్రా? ఇదేనా కాలేజీలో నేర్పింది?" అని అరిచాడు. నేనేమనుకున్నానో తెలుసా? పాతకాలం మనిషి, కొత్త పద్ధతులు బుర్రకెక్కవు పాపం అనుకున్నాను. ఇప్పటికీ అది గుర్తొస్తే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

బుధవారం పొద్దున్నే బండిని ఒక చుట్టు తిప్పి చూద్దామని తీస్తే పెట్రోలు అడుగంటి ఉంది. బంకుకి పోనిచ్చాను. గన్ను పట్టుకున్నావిడ నడివయసు మనిషి, యూనిఫాం చొక్కా కింద నేత చీర. బండిని చూడగానే మొహం చిట్లించి, "ఇదా? దీంతో గంట పట్టుద్ది" అంది. రెండు చుక్కలు పడ్డాయో లేదో టక్. మళ్ళీ నొక్కితే టక్. మీ గన్ను బాగు చేయించుకోండి అన్నాను నేను. ఆవిడ నా వంక జాలిగా చూసి, పక్కనున్న బండిలో అదే గన్ను పెట్టింది. ధారగా పోసింది. "బండిదే బాబూ లోపం. మూత తీసినప్పుడు బుస్సుమన్లా? లోపలికి గాలాడే దారి ఎక్కడో పూడిపోయింది. నూనె డబ్బాకి ఒకటే బొక్క పెట్టి వంచితే నూనె దిగుద్దా? రెండో బొక్క పెట్టాలి. మీ మెకానిక్కుతో చెప్పండి" అంది. చెబుతానండీ అని, ఆ మెకానిక్కు నేనేనని చెప్పకుండా బండెక్కాను.

ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. ఆ బొగ్గు డబ్బా బయటి గాలి పీల్చుకోవడానికి వెనక చక్రం దగ్గర ఒక గొట్టం ఉంటుంది. నేను ఇన్నాళ్ళూ ఎక్కడ కారుతోందా అని వెతికాను గానీ, ఎక్కడ మూసుకుపోయిందా అని ఒక్కసారీ చూడలేదు. షెడ్డుకి వచ్చి కిందకి దూరి గొట్టం ఊడదీశాను. గాలి మిషను అవతలి బండి దగ్గర ఉంది. రైలు వచ్చే వేళైంది. గొట్టాలు పూడాయేమో నోటితో ఊది చూసే అలవాటు పాత మెకానిక్కులందరికీ ఉంది. మావయ్య అలా చేసినప్పుడల్లా, ఛీ, ఇదేం మోటుతనం అని మొహం తిప్పుకునేవాణ్ణి. ఆ రోజు ఆ మోటుతనమే చేద్దామని గొట్టం నోట్లో పెట్టుకున్నాను. మోటుతనానికి కూడా పద్ధతి ఉంటుందిగా, ఊదాలి. నేను గట్టిగా పీల్చాను.

గుంటూరు మిర్చి యార్డులో రోజుల తరబడి నిలబడ్డ బండి అది. ఆ గొట్టంలో పేరుకుపోయింది మట్టి కాదు, మిరప దుమ్ము. గొంతులో కొరివి పెట్టినట్టయింది. దగ్గుతూ బయటికి దొర్లాను. ఆ గొట్టం పట్టుకున్న చేత్తోనే కళ్ళు నులుముకున్నాను. (మిరప రైతు బిడ్డని నేను. పాకే పిల్లాడికి కూడా నేర్పే మొదటి పాఠం అది.) కళ్ళల్లోంచి ధారలు, ముక్కులోంచి ధారలు, మాట పెగలడం లేదు. సరిగ్గా అప్పుడే మా నాన్న గేటులోంచి లోపలికి వచ్చాడు, నా బట్టలు పెట్టడానికి ఒక ఖాళీ సంచి చంకలో పెట్టుకుని.

"ఏమంటావోయ్ బావమరిదీ, వీడు పనికొస్తాడా?" అని అడిగాడు. మావయ్యకి గొట్టం సంగతి ఇంకా తెలియదు. తల వంచుకుని, "బండి తేలలేదు బావా" అన్నాడు. తేలింది, తేలింది అని నేను అరవబోతే కీచుమని దగ్గొచ్చింది. నాన్న నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. నా మొహం చూశాడు, చేతులు చూశాడు. "చిన్నప్పుడు తేలు కుట్టినా ఏడవలేదు వీడు. ఇప్పుడింతలా ఏడుస్తన్నాడంటే ఉండనీ. చేలో సంగతి నేను చూసుకుంటాలే" అని ఖాళీ సంచి మడిచి మళ్ళీ చంకలో పెట్టుకున్నాడు. మంచినీళ్ళన్నా తాగలేదు. గేటు దాటుతూ మావయ్యతో, "కళ్ళకి నీళ్ళు తగలనియ్యకు, మంట పెరుగుద్ది. చల్లటి మజ్జిగ రాయి" అని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత గొట్టం శుభ్రం చేసి బిగిస్తే దీపం మళ్ళీ వెలగలేదు, పెట్రోలు ధారగా దిగింది, టిక్కీ గారు నన్ను మేధావి అన్నారు. మావయ్య మాత్రం అనలేదు. నా దొంగ కన్నీళ్ళకి మా నాన్న పడిపోయిన వైనం ఇన్నేళ్ళుగా షెడ్డులో ఎంతమందికి చెప్పి నవ్వించానో లెక్కలేదు. మజ్జిగ ముక్క కూడా చెప్పేవాణ్ణి, పల్లెటూరి మనిషి ఏడుపుకి కూడా మజ్జిగ వైద్యమే చెబుతాడని ఎకసెక్కంగా. ఆ ఏడాది కూలీలు దొరక్క కోత ఆలస్యమై, చేలో సగం కాయ తెల్లబారి తాలైపోయిందన్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

మొన్న ఎవరికో అదే కథ చెబుతూ మజ్జిగ దగ్గరికి వచ్చేసరికి నోరు ఆగిపోయింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ మిరప కల్లంలో నిలబడ్డ మనిషికి కారం తగిలిన కళ్ళు ఎలా ఉంటాయో తెలియదా? సాయంత్రం ఫోన్ చేశాను. "నాన్నా, ఆ రోజు నేను ఏడవలేదు. మిరప దుమ్ము" అన్నాను.

"ఎరుగుదున్లేరా" అన్నాడు. "కళ్ళల్లో నీళ్ళు దుమ్ము తెచ్చినయ్యే. నా చంకలో సంచి వంక నువ్వు చూసిన చూపు దుమ్ము తెచ్చింది కాదుగా."

ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఒక్కణ్ణే నవ్వుకుంటూ కూర్చున్నాను. నాన్నని బోల్తా కొట్టించానని ఆ ఇరవై రెండేళ్ళ వెధవ ఎన్నేళ్ళు మురిసిపోయాడో, పాపం.